రాజుగారి చూపుకు అడ్డొచ్చిన చెట్లు

ఈ ఏడాది జూన్ పద్దెనిమిది, శనివారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది వెన్నా ఉప్పూ అద్దుకున్న ఎర్ర ముల్లంగి, డబ్బా సార్డీన్ చేపలు, నిన్నటి రొట్టె, ఆఖర్న సగం ఖర్బూజా. పొయ్యి వెలిగించే ధైర్యం ఆ రోజు మా సోవెల్ ఊళ్లో ఏ ఇంట్లోనూ లేదు. కిటికీ బయట థర్మామీటరు ముప్పై తొమ్మిది చూపిస్తోంది. ఖర్బూజా ముక్క ఇంకా నోట్లో ఉండగానే నాకొక గొప్ప సత్యం తట్టింది.

చెట్టు నీడంత చెడ్డ అలవాటు మనిషికి ఇంకొకటి లేదు!

తొందరపడి తిట్టకండి. నీడ మనిషిని ఏం చేస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? ముందు నిలబెడుతుంది. తరువాత కూర్చోబెడుతుంది. కూర్చున్నవాడు ఊరికే ఉంటాడా? పక్కవాడితో మాట కలుపుతాడు. పక్కవాడు మునిసిపాలిటీ గురించి ఎత్తుతాడు. అక్కణ్ణుంచి విప్లవం ఎంత దూరం? మన దేశంలో ఒకసారి వచ్చింది కదా, చాలదా?

అందుకే మా ఊరి రాజభవనం తోటలో లిండెన్ చెట్లన్నిటినీ మొన్న చలికాలంలో కొట్టేస్తే, నేను మాత్రం సంతోషించాను. ఊళ్లో ఇంకెవరూ సంతోషించలేదు. మంచి పనికి మెచ్చుకునేవాళ్లు ఎప్పుడూ తక్కువే.

ఆ చెట్లు ఏపాటివో చెబుతాను, వినండి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి బతికి వచ్చిన మా ఊరి మగవాళ్లు రెండు వరుసలుగా నాటారు. అంటే వయసు వందేళ్లు. రాజభవనం లెక్కలో వందేళ్ల చెట్టంటే నిన్నగాక మొన్న మొలిచిన గడ్డి. వాటి కింద బెంచీలు. ఎండాకాలం మధ్యాహ్నాలు ఊళ్లో ముసలివాళ్లందరూ అక్కడే. జూన్‌లో పూత వచ్చిందంటే ఆడవాళ్లు పాత దుప్పట్లు పరిచి, నిచ్చెనలు వేసి పూలు కోసేవారు. ఎండబెట్టి దాచుకుంటే ఏడాది పొడుగునా రాత్రిపూట కషాయానికి సరిపోయేవి. గేటు కాపలావాళ్లు సరిగ్గా ఆ వారం అటువైపు చూడటం మానేసేవారు. నా భార్య సొలాంజ్ నిచ్చెన ఎక్కితే నేను పట్టుకునేవాణ్ణి. "మీరు నిచ్చెన పట్టుకుంటున్నారా, దానికి ఆనుకుని నిద్రపోతున్నారా?" అనేది. ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఆవిడ ఆరబెట్టిన పూల సీసా ఒకటి నా అలమారాలో ఇంకా ఉంది. మూత తీస్తే వాసన వస్తుంది. తీయకపోయినా కొంచెం వస్తుంది.

సరే, ఇవి సొంత గొడవలు. రాజ్యకార్యానికి సంబంధం లేనివి.

రాజ్యకార్యం ఏమిటంటే పునరుద్ధరణ. మన దేశంలో ఒక రాజభవనాన్ని బాగుచేయాలంటే ముందు ఒక సంవత్సరాన్ని ఎంచుకుంటారు. ఆ సంవత్సరంలో ఉన్నదంతా పవిత్రం. తరువాత వచ్చినదంతా మకిలి. మా సోవెల్ భవనానికి పదహారువందల ఎనభై ఏడును ఎంచారు. ఎందుకంటే ఆ ఏడు రాజుగారు వేటకు వచ్చి ఇక్కడ పడుకున్నారు. ఎన్ని రాత్రులు? మూడు. అందులో ఒక రాత్రి ఆయనకు పంటినొప్పి.

ఆ మూడు రాత్రుల తరువాత తెల్లవారాక ఆయన పడకగది మధ్య కిటికీలోంచి ఏం చూశారో, మనమూ అదే చూడాలి. అదీ పథకం. ఆ కిటికీకి ఎదురుగా, సరిగ్గా చూపు వెళ్లే దారిలో, మా బెంచీలూ మా లిండెన్‌లూ సిగ్గు లేకుండా నిలబడ్డాయి!

మునిసిపల్ హాల్లో మీటింగ్ పెట్టారు. జనం అభిప్రాయం చెప్పవచ్చన్నారు. మన దేశంలో జనం అభిప్రాయం అడగకుండా ఏ పనీ చేయరు. అడిగిన తరువాత చేస్తారు. పునరుద్ధరణ పనులకు పెద్ద అయిన ఓర్లియాక్ గారు వచ్చారు. నార కోటు, మెత్తని గొంతు. ఎంత మర్యాదస్తుడంటే, చెట్లు కొట్టడం అనే మాట ఆయన నోట రాదు. 'చూపును విడుదల చేయడం' అంటాడు.

ముందు వరసలో మా పై అంతస్తు మార్సెలిన్ గారు లేచి నిలబడింది. ఎనభై ఒక్క ఏళ్లు. జీవితమంతా లాండ్రీలో ఇస్త్రీ చేసింది. మా భవంతిలో జింకు రేకుల కప్పు కింద, ఆఖరి గది ఆవిడది.

"చూపు విడుదల అంటున్నారు, ఎవరి చూపండీ?" అంది.

"రాజుగారిది, మేడమ్."

"ఆయన పోయి మూడొందల ఏళ్లు దాటింది కదా!"

"ఆయన పోయారు. చూపు పోలేదు, మేడమ్."

హాల్లో కొందరు చప్పట్లు కొట్టారు. మాట బాగుంది మరి. మన జనానికి మాట బాగుంటే చాలు, చెట్టునైనా ఇచ్చేస్తారు.

"బావుంది. మరి ఎండకి మేం ఎక్కడ కూచోవాలి?"

"పదహారువందల ఎనభై ఏడులో ఈ బాట మీద ఎవరూ కూర్చునేవారు కాదండీ."

"అప్పుడు రాజుగారికి ఎండ కొట్టేది కాదా?"

"గొడుగు పట్టే సేవకులు ఉండేవారు."

"అయితే వాళ్లని కూడా పునరుద్ధరించండి నాయనా! కాస్త పొడుగ్గా, మీసాలున్నవాళ్లయితే ఇంకా మంచిది."

హాలంతా నవ్వింది. ఓర్లియాక్ గారూ నవ్వారు. నవ్వాక, "అది బడ్జెట్‌లో లేదు మేడమ్" అన్నారు.

అప్పుడు నేను లేచాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి. సరళరేఖ అంటే నాకు చిన్నప్పటి నుంచీ గౌరవం. "చూపు అనేది సరళరేఖలో పోవాలి. వంద చెట్ల కంటే ఒక రేఖ గొప్పది" అన్నాను. ఓర్లియాక్ గారు తల వంచి నమస్కరించారు. మార్సెలిన్ గారు మాత్రం వెనక్కి తిరిగి, నన్ను ఎగాదిగా చూసి, "మాష్టారూ, పొద్దున ఏమైనా ఎండలో తిరిగారా?" అంది.

అది కిందటేడు మార్చి నెల. ఎండ లేదు. అయినా నేను నొచ్చుకోలేదు.

నిజం చెప్పాలంటే, ఈ సంవత్సరం ఎంచుకునే పద్ధతి నాకు చాలా నచ్చింది. దీన్ని రాజభవనాలకే ఎందుకు అట్టిపెట్టాలి? ప్రతి మనిషికీ ఒక సంవత్సరం ఉండాలి! నాకు పందొమ్మిది వందల డెబ్భై నాలుగు ఇవ్వండి. అప్పుడు జుట్టు ఉంది, మోకాళ్లు ఉన్నాయి, సొలాంజ్ ఉంది. మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి, "నన్ను డెబ్భై నాలుగుకు పునరుద్ధరించండి" అని అడిగాను కూడా. ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "మీ పొట్ట తరువాతి చేర్పే. ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు మిగతా కట్టడమంతా దాని మీదే ఆధారపడి ఉంది. తీస్తే కూలుతుంది" అంది.

పద్ధతిలో కొన్ని చిన్న మినహాయింపులు ఉన్నాయనుకోండి. పదహారువందల ఎనభై ఏడులో భవనంలో మరుగుదొడ్లు లేవు. దొరలూ దొరసానులూ మెట్ల కింద పని కానిచ్చేవారు. ఇప్పుడు మరుగుదొడ్లు ఉన్నాయి, అవి మకిలి కాదు. ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతాలు అమ్మే కొట్టు ఉంది, అదీ మకిలి కాదు. రాజుగారి బొమ్మ ఉన్న గొడుగులు అదే కొట్టులో అమ్ముతారు. చెట్లు పోయాక వాటి అమ్మకం పెరిగిందట. చూశారా, ఒక చెట్టు పోతే ఎంతమందికి బతుకుతెరువో!

నవంబరులో రంపాలు వచ్చాయి. కొట్టేవాళ్లు మంచివాళ్లే. ఒకతను క్రేను తొట్టిలో పైకి వెళ్లి, ఒక కొమ్మ దగ్గర రంపం ఆపాడు. గూటిలోకి తొంగి చూశాడు. ఖాళీగానే ఉంది. మళ్లీ ఇంకోసారి చూశాడు. ఆ రెండోసారి చూడటం ఎవరూ చెప్పి చేయించలేదు. నేను అటు దూరంగా నిలబడి ఉన్నాను గనక చెబుతున్నాను.

సాయంత్రానికి చూపు విడుదలైంది.

విడుదలైన చూపు ఏం చేసింది? మెట్లు దిగింది. కత్తిరించిన పొదల మధ్యగా, తెల్ల కంకర మీదుగా ఫౌంటెన్ దాటింది. కాలువ దాటింది. సూటిగా, ఎక్కడా ఆగకుండా వెళ్లి, ఊరి బయట సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో ఆగింది! అక్కడ మిద్దె అంత ఎర్ర బోర్డు. 'రెండు కొంటే మూడోది ఉచితం'.

కొందరు ముక్కు విరిచారు. నేను విరవలేదు. మన తోట శిల్పం ఏం కోరుతుంది? గీత గీసినట్టు వరుసలు. కొలిచి పాతిన స్తంభాలు. రెండు పక్కలా ఒకే తూకం. ఏ కొమ్మా తన ఇష్టం వచ్చినట్టు పెరగకూడదు. ఆ పార్కింగ్ చూడండి. తెల్ల గీతల మధ్య బళ్లన్నీ వరసగా, దీపస్తంభాలన్నీ ఒకే ఎత్తున. ఎక్కడా ఒక్క ఆకు లేదు! రాజుగారి తోటమాలులు జీవితమంతా కష్టపడి అందుకోలేని పరిపూర్ణత అది. రాజుగారే గనక ఈ రోజు లేస్తే, తోటను వదిలేసి నేరుగా అక్కడికి గుర్రం తోలిస్తారు.

ఇక జూన్ వచ్చింది. పద్దెనిమిదో తేదీ సంగతి చెప్పాను కదా. ఆ వారమంతా అంతే.

మునిసిపాలిటీ వాళ్లు మంచివాళ్లు. ఎండ ముదిరితే ముసలివాళ్లకు ఫోన్ చేస్తారు. మార్సెలిన్ గారికి చేసినప్పుడు నేను ఆవిడ గదిలోనే ఉన్నాను. ఐసు గడ్డలు ఇద్దామని వెళ్లాను. ఐదు మెట్ల వరసలు ఎక్కేలోపు సగం కరిగాయి. గదిలో కిటికీకి తడి దుప్పటి కట్టింది. జింకు కప్పు పైన పిచ్చుక దిగితే, కాళ్లు కాలి వెంటనే లేచిపోతోంది.

ఫోన్ స్పీకర్‌లో ఒక అమ్మాయి గొంతు. "నీళ్లు తాగుతున్నారా, మేడమ్?"

"తాగుతున్నానమ్మా."

"రోజుకి రెండు మూడు గంటలు ఏదైనా చల్లని చోట గడపండి."

"గడిపేదాన్ని. కొట్టేశారు."

"ఏమిటండీ?"

"ఏం లేదులే తల్లీ. నువ్వు నీళ్లు తాగావా?"

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "నలభై ఏళ్లు ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడ్డాను మాష్టారూ. ఇప్పుడు నన్నే పరిచి ఇస్త్రీ చేస్తున్నారు" అంది. నవ్వుతూనే అంది. కానీ ముందు రోజు సాయంత్రం ఆవిడ మెట్ల మీద కళ్లు తిరిగి కూలబడింది. పక్క వాటా వాళ్లు చూశారు గనక సరిపోయింది. డాక్టరమ్మ వచ్చి, దాపరికం లేకుండా చెప్పింది. మధ్యాహ్నాలు చల్లని చోటు దొరక్కపోతే ఈ ఎండాకాలం గట్టెక్కడం కష్టమని.

చల్లని చోటు ఎక్కడ? నా వాటా పడమటి ముఖం, మూడింటికల్లా రొట్టె కాల్చుకోవచ్చు. చర్చి చల్లగానే ఉంటుంది. కానీ దొంగతనాలు జరిగాయని ఆదివారం తప్ప తీయరు. సూపర్‌మార్కెట్‌లో గడ్డకట్టిన బఠానీల దగ్గర పది నిమిషాలు నిలబడితే సెక్యూరిటీ అబ్బాయి వచ్చి ఏం కావాలని అడుగుతాడు. బఠానీలు ఎంతసేపని ఎంచుతాం?

మర్నాడు మార్సెలిన్ గారే అంది. "పదండి మాష్టారూ, రాజుగారి గదికి. ఏ కిటికీ కోసం నా బెంచీ తీసేశారో ఆ కిటికీ ముందు ఒక్కసారి నిలబడాలి. చూసి, ఒక్క తిట్టు తిట్టి వచ్చేస్తా."

"ఎలాంటి తిట్టు?"

"లాండ్రీ తిట్టు. మీలాంటి చదువుకున్నవాళ్లకి తెలీదులెండి."

ఊరి వృద్ధులకు భవనం పాసు ఉచితం. ఎవరూ వాడరు. పుట్టి పెరిగిన ఊళ్లో రాజభవనం లోపలికి వెళ్లేదెవరు? మేం వెళ్లాం. పాలరాతి మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, అద్దాల వసారా దాటి, పడకగదిలో అడుగుపెట్టాం.

చీకటి.

కళ్లు అలవాటు పడ్డాక కనపడింది. బంగారు పూత కటకటాలు, వాటి వెనక ఏనుగంత మంచం, మంచానికి నాలుగు వైపులా ఎర్ర పట్టు తెరలు. ఎదురుగా మధ్య కిటికీ. దాని చెక్క తలుపులు బిగించి, గడియ వేసి, పైన నల్లగుడ్డ కట్టి ఉంది.

మూల కుర్చీలో గది కాపలాదారు చెర్నో కూర్చుని ఉన్నాడు. పుట్టింది గినీలో, మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు పాత గోల్‌కీపరు. మమ్మల్ని చూడగానే లేచాడు.

"అబ్బాయ్, కిటికీ ఎప్పుడు తీస్తారు?" అని అడిగింది మార్సెలిన్ గారు.

"తియ్యరమ్మా."

"ఈ రోజు తియ్యరా?"

"ఏ రోజూ తియ్యరు. వెలుగు తగిలితే పట్టు చస్తుంది. నేను చేరి పదకొండేళ్లయింది. ఆ కిటికీ తీయగా చూళ్లేదు."

మార్సెలిన్ గారు నవ్వడం మొదలుపెట్టింది. కటకటాలు పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ, ఆగి ఆగి నవ్వింది. తిట్టాలనుకున్న తిట్టు మర్చిపోయింది. చెర్నో కంగారుపడి నీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చాడు.

పాఠకులారా, మీరూ నవ్వుతున్నారా? తప్పు. చూసేవాడు లేని చూపే స్వచ్ఛమైన చూపు! కిటికీ తెరిస్తే ఏమవుతుంది? ఎవడో తుంటరి చూస్తాడు. చూసి, సూపర్‌మార్కెట్ బోర్డు బాగాలేదంటాడు. మూసి ఉంచితే ఆ దృశ్యానికి వంక పెట్టేవాడే ఉండడు. రాజుల సొమ్ము రాళ్లపాలని సామెత. రాళ్లపాలైతే కనీసం కనపడుతుంది కదా. దీన్ని చీకటిపాలు చేయడానికి ఎంత చదువు కావాలి!

నవ్వు తగ్గాక మార్సెలిన్ గారు చెయ్యి గాల్లో అటూ ఇటూ ఆడించింది.

"ఇదేమిటి, ఇక్కడ ఇంత చల్లగా ఉంది?"

"మిషన్ ఉందమ్మా, గోడ వెనక. ఇరవై డిగ్రీలు. అంతకంటే పెరిగితే పట్టుకు పడదు."

"పట్టుకు పడదా?"

"పడదమ్మా. సున్నితం."

ఆవిడ నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. ఊరంతా వెతికిన చల్లని చోటు దొరికింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం రెండింటికి మా రాజదర్శనం. చెర్నో తన కుర్చీ మార్సెలిన్ గారికి ఇచ్చి తాను నిలబడేవాడు. ఆవిడ మొదట ఒప్పుకోలేదు.

"నీ కుర్చీ నాకెందుకు? నువ్వు నిలబడాలా?"

"నేను గోల్‌కీపర్ని అమ్మా. ఎంతసేపైనా నిలబడతాను, బంతి రాకపోయినా."

"వచ్చినా నిలబడే ఉండేవాడివని మా మేనల్లుడు చెప్పేవాడు!"

"అమ్మా, ఆ ఒక్క మ్యాచీ!"

అలా గడిచేది. ఆవిడ అల్లిక తెచ్చుకునేది. నేను పేపరు చదివేవాణ్ణి, చీకట్లో హెడ్డింగులు మాత్రం. టూరిస్టులు గుంపులుగా వచ్చి, మంచాన్ని చూసి, మార్సెలిన్ గారిని కూడా చూసి, ఆవిడా ప్రదర్శనలో భాగమేననుకుని ఫోటోలు తీసుకునేవారు. వారం తిరిగేసరికి ఆవిడ మొహంలోకి రంగు వచ్చింది. డాక్టరమ్మ బీపీ చూసి, "ఏ ఊరు వెళ్లారు?" అని అడిగింది. "రాజుగారింటికి" అంది ఈవిడ.

చెట్లు కొట్టకపోతే మాకు ఈ భోగం దక్కేదా? మీరే చెప్పండి!

జులై మొదటి శుక్రవారం ఓర్లియాక్ గారు ఎవరో పెద్దమనుషులకు గది చూపిద్దామని వచ్చారు. కుర్చీలో మార్సెలిన్ గారిని చూసి ఆగారు. మర్యాద ఎక్కడా తగ్గలేదు.

"మేడమ్, ఈ గదిలో సందర్శకులు కూర్చోకూడదండీ."

"ఎనభై ఏడులో ఎవరూ కూచునేవారు కాదా?"

ఆయన మొహం వికసించింది. ఆ సంవత్సరం పేరెత్తితే ఆయనకు పండగే. "రాజుగారి సమక్షంలో అందరూ నిలబడాల్సిందే. డచెస్‌లకు మాత్రం ఒక ముక్కాలి పీట మీద కూర్చునే హక్కు. ఆ పీట కోసం ఎన్ని కుటుంబాలు కొట్టుకున్నాయో చెబితే..."

"అయితే ఈవిడ డచెస్సే సార్" అన్నాడు చెర్నో మూలనుంచి. "జింకు కప్పు డచెస్."

వచ్చిన పెద్దమనుషులు నవ్వారు. ఓర్లియాక్ గారూ నవ్వారు. ఆయన నవ్వాక ఏం వస్తుందో నాకు అప్పటికే తెలుసు.

"కుర్చీ సంగతి వదిలేయండి మేడమ్. అసలు చిక్కు వేరే. మనిషి ఊపిరిలో తేమ ఉంటుంది. టూరిస్టులు నాలుగు నిమిషాల్లో వెళ్లిపోతారు. మీరు రోజూ నాలుగు గంటలు ఊపిరి తీస్తున్నారు. యంత్రం లెక్కల్లో తెలుస్తోంది. పట్టుకు హాని."

"నా ఊపిరా?"

"మీదని కాదు మేడమ్. ఎవరిదైనా. రేపటి నుంచి ఈ గదిలో ఎవరైనా పది నిమిషాలే. దయచేసి అపార్థం చేసుకోకండి."

"అపార్థం ఏముంది నాయనా" అంది మార్సెలిన్ గారు. "ఊపిరి తీయకుండా ఉంటే ఎంతసేపైనా ఉండొచ్చన్నమాట. ఇంకెంత, ఈ ఎండకి అదీ అవుతుందిలే."

ఓర్లియాక్ గారు పెద్దమనుషులను తీసుకుని అద్దాల వసారా వైపు వెళ్లిపోయారు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి చూశారు. అది కూడా ఆయన ఖాతాలో వేయాలి.

రేపటి నుంచి అన్నారు గనక ఆ రోజుకు మేం ఉండిపోయాం. చెర్నో కుర్చీని కొంచెం జరిపి, చల్లగాలి వచ్చే జాలీకి దగ్గరగా వేశాడు.

మన దేశానికి ముసలితనం మీద గౌరవం లేదని గొణిగేవాళ్లు ఉన్నారు. శుద్ధ అబద్ధం! గౌరవం ఉంది. మిషన్ ఉంది, మనిషి ఉన్నాడు, రాత్రింబవళ్లు ఎండ తగలకుండా, చెమట పట్టకుండా చూసుకునే శ్రద్ధ ఉంది. కాకపోతే దానికి ఒక వయసు రావాలి. వందేళ్ల చెట్టుకు రాలేదు. ఎనభై ఒక్క ఏళ్ల ఇస్త్రీ మనిషికి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఓపిక పట్టాలి. ఈలోపు నీళ్లు తాగుతూ ఉండాలి.

ఆరు గంటలకు వసారాలో గంట మోగింది.

"అమ్మా, వేళయింది" అన్నాడు చెర్నో.

మార్సెలిన్ గారు అల్లిక సంచిలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని లేచింది. గడప దగ్గర ఆగి మంచం వైపు చూసింది.

"రాత్రి కూడా ఇరవయ్యేనా దీనికి?"

"రాత్రీ పగలూ ఇరవయ్యే, అమ్మా."

"నా గదిలో రాత్రి ముప్పై నాలుగు." తగవు లేదు గొంతులో. ఇద్దరు పొరుగువాళ్లు కూర ధరలు చెప్పుకున్నట్టు చెప్పింది. "ఈ పట్టుకి వయసెంత?"

"మూడొందలు దాటిందంటారు."

"అదృష్టవంతురాలు" అంది.

మేం మెట్ల వైపు నడిచాం. కింద, వాకిలి తెరిచి ఉన్నంత మేర, ఎండ ఇంకా తెల్లగానే ఉంది. మా వెనక చెర్నో రాజుగారి గది తలుపు రెండు చేతులతో పట్టుకుని, చలువ బయటికి పోకుండా, చప్పుడు కాకుండా మూశాడు.